ఆదివాసీ ఆడబిడ్డ భూమి వాటా గురించి కేంద్ర ప్రభుత్వానికి, మా పెద్దలకు బహిరంగ లేఖ

కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిగారికి, న్యాయ శాఖ మంత్రిగారికి నమస్కారం. ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. అయితే మధ్యలో మా ఏజెన్సీ పెద్దలతో కూడా కాస్త మాట్లాడాల్సి ఉంది, అందుకే అందరూ చదివేలా బహిరంగంగా పెడుతున్నాను.

నేను కోయ ఆడబిడ్డను. మా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు ఆఫీసుల్లో ఇచ్చే అర్జీలు రాసిపెడుతుంటాను. పెన్షన్ ఆగిందనో, రేషన్ కార్డులో పేరు తప్పు పడిందనో వచ్చేవి ఉంటాయి, అవి ఎలాగోలా తేలతాయి. తేలనిది ఒకటే. నాన్న పోయాడు, ఆయన భూమిలో నాకు వాటా ఉందా అని అడుగుతారు. ఉందని గట్టిగా చెప్పలేను, లేదని కూడా చెప్పలేను. ఎందుకంటే ఈ దేశం ఆ మాట ఇంతవరకు ఎక్కడా రాసి పెట్టలేదు.

మైదానంలో ఉండే అక్కచెల్లెళ్లకు ఇది చట్టంలో ఎప్పుడో తేలిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలయ్యేలా చట్టం సవరించి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో పాటు వాటా పెట్టింది, దేశమంతటికీ ఆ మాట రావడానికి 2005 దాకా పట్టింది. చట్టం ఉంది కదా అని వాటా నడుచుకుంటూ వచ్చి చేతిలో పడదు, కట్నం ఇచ్చాం కదా అని చెప్పి హక్కు వదులుకున్నట్టు సంతకాలు పెట్టించుకునే అన్నదమ్ములు అక్కడా ఉన్నారు. అయినా రేపు కోర్టు మెట్లెక్కితే చూపించడానికి ఆమెకు ఒక కాగితం ఉంది. మాకు అదీ లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) ఏం చెప్తుందంటే, కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫికేషన్ ఇస్తే తప్ప ఈ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మరి మాకు వర్తించేది ఏంటి? మీ ఆచారం అంటారు. ఆ ఆచారం ఎక్కడ రాసి ఉందంటే ఎక్కడా ఉండదు. ఎవరు చెప్తే అది ఆచారం అవుతుందంటే దానికీ జవాబు ఉండదు. 2011 జనాభా లెక్కల్లో షెడ్యూల్డ్ తెగల వాళ్లం 10 కోట్ల 40 లక్షల పైచిలుకు ఉన్నాం, అందులో దాదాపు సగం ఆడవాళ్లమే. ఇంతమందిని జవాబు లేకుండా వదిలేశారు.

ఇప్పుడు మీరు బయట ఇచ్చిన మాట సంగతి. స్త్రీల మీద అన్ని రకాల వివక్షను తొలగించడానికి ఐక్యరాజ్యసమితి 1979 డిసెంబర్ 18న ఆమోదించిన ఒప్పందం, సీడా అని పిలిచేది, దాని మీద భారత ప్రభుత్వం 1980 జూలైలో సంతకం పెట్టింది, 1993 జూలై 9న ధ్రువీకరించింది. ధ్రువీకరించేటప్పుడు ఒక మెలిక పెట్టింది. ఆచారాల్లోని వివక్షను మార్చాలనే ఆర్టికల్ 5(ఎ), పెళ్లి, కుటుంబ వ్యవహారాల్లో సమానత్వం చెప్పే ఆర్టికల్ 16(1), ఈ రెండింటి విషయంలో ఏ సమాజమైనా తనంతట తాను చొరవ చూపి, సమ్మతి తెలిపితే తప్ప దాని సొంత వ్యవహారాల్లో జోక్యం చేసుకోకపోవడమే మా విధానం, ఆ విధానానికి లోబడే వీటిని అమలు చేస్తాం అని ప్రకటించింది. ఈ డిక్లరేషన్‌ను మళ్లీ ఆలోచించుకోమని సీడా కమిటీ భారత్‌ను అడిగింది కూడా, అది ఇప్పటికీ అలాగే ఉంది.

చాలామంది స్త్రీవాద మిత్రులకు ఈ డిక్లరేషన్ మీద కోపం. నాకు అంత కోపం లేదు. బయటివాళ్లు వచ్చి మా బతుకుని దిద్దుతామన్న ప్రతిసారీ మేం పోగొట్టుకున్నదే ఎక్కువ కాబట్టి, మమ్మల్ని అడక్కుండా మా జోలికి రాము అన్న మాట నాకు గౌరవంగానే వినిపిస్తుంది. నా ఫిర్యాదు వేరే. అడక్కుండా జోక్యం చేసుకోం అని చెప్పినవాళ్లు ఎప్పుడైనా అడిగారా? ధ్రువీకరించి 30 ఏళ్లు దాటింది. మా ఊరి ఆడవాళ్లను కూర్చోబెట్టి, మీ ఆచారంలో కూతురికి భూమి సంగతి ఏంటి, అది ఎలా ఉండాలని మీరు కోరుకుంటున్నారు అని అడిగిన అధికారి నాకు తెలిసి ఒక్కరూ లేరు. సమాజం చొరవ చూపాలంటే ఏ కాగితం మీద చూపాలి, ఎవరికి ఇవ్వాలి, సమ్మతి ఏ సభలో తెలపాలి, ఆ సభలో ఆడవాళ్లు ఎంతమంది ఉంటే అది సమ్మతి అవుతుంది, ఇవేవీ మీరు ఏర్పాటు చేయలేదు. తలుపు మీద "పిలిస్తేనే వస్తాం" అని బోర్డు పెట్టి, పిలవడానికి దారి లేకుండా చేశారు.

ఇంకో సంగతి. ఆ డిక్లరేషన్ 5(ఎ)కీ, 16(1)కీ మాత్రమే. వివక్ష చూపే చట్టాలనూ ఆచారాలనూ మార్చాలనే ఆర్టికల్ 2(ఎఫ్) మీద మీరు ఏ మెలికా పెట్టలేదు. గ్రామీణ స్త్రీలకు భూసంస్కరణల్లో సమాన స్థానం ఉండాలనే ఆర్టికల్ 14(2)(జి) మీద పెట్టలేదు. ఆస్తి నిర్వహణలో స్త్రీకి పురుషుడితో సమాన హక్కు ఉండాలనే ఆర్టికల్ 15(2) మీదా పెట్టలేదు. అంటే పట్టాదారు పాసుపుస్తకంలో ఎవరి పేరు ఎక్కాలి, ఫౌతి, అంటే చనిపోయినవాళ్ల భూమిని వారసుల పేరుకు మార్చడం, ఎవరి పేరున చేయాలి అన్న విషయాల్లో మీరు 1993లోనే షరతు లేకుండా మాట ఇచ్చేశారు. పెళ్లి ఎలా చేసుకోవాలి, దేవుణ్ణి ఎలా కొలవాలి అన్నవి మా ఇంటి వ్యవహారాలు, ఒప్పుకుంటాను. రెవెన్యూ రికార్డు మాత్రం మా ఇంటి వ్యవహారం కాదు, అది మీ ఆఫీసులో ఉన్న పుస్తకం.

ఆ పుస్తకం దగ్గర ఏం జరుగుతుందో ఒకటి చెప్తాను. మొన్నామధ్య ఒకామెతో కలిసి ఆఫీసుకు వెళ్లాను. ఊరు, ఆఫీసు పేరు చెప్పను, ఆమెకు ఇబ్బంది. మొగుడితో పడక చాలా ఏళ్ల కిందటే పుట్టింటికి వచ్చేసింది. తండ్రికి పక్షవాతం వస్తే ఆమే చూసుకుంది, ఆయన చేనిని ఆమే దున్నించి జొన్నలు, కందులు వేసింది. తమ్ముడు పట్నంలో ఉంటాడు. తండ్రి పోయాక ఊరి పెద్దలు కూర్చుని, చేను సగం అక్క, సగం తమ్ముడు చేసుకోండి అని చెప్పారు. తమ్ముడు కూడా సరేనన్నాడు. ఇక్కడిదాకా గొడవే లేదు. ఆఫీసులో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసి చూస్తే ఆమె పేరే లేదు. ఎందుకు లేదంటే పెళ్లయింది కదా అన్నారు. పెద్దలు సగం చేసుకోమన్నారు సార్ అని ఆమె చెప్తే, బల్ల వెనకాల ఆయన తల ఎత్తకుండా, మీ గిరిజనుల ఆచారంలో ఆడవాళ్లకు భూమి రాదమ్మా, అన్నాడు. ఆయన మా వాడు కాదు, మా ఊరు ఎన్నడూ చూడలేదు. ఆమె ఒక్క క్షణం ఆగి, మా ఆచారం మా పెద్దలు చెప్పారు సార్, మీకు ఎవరు చెప్పారు, అని అడిగింది. జవాబు రాలేదు, నెక్స్ట్ అని పిలిచాడు. ఫౌతి తమ్ముడి ఒక్కడి పేరు మీద అయింది. పంట పెట్టుబడి సాయం, బ్యాంకు లోను, రేపు ఏదైనా ప్రాజెక్టు కింద భూమి పోతే వచ్చే పరిహారం, అన్నీ ఇప్పుడు ఆ ఒక్క పేరుకే.

ఆమె చూపించిన పాసుపుస్తకం పాలిథిన్ కవర్‌లో, దాని మీద ఇంకో కవర్‌లో చుట్టి ఉంది. తన పేరు లేని పుస్తకాన్ని అంత జాగ్రత్తగా దాచుకుంది.

ఊరి పెద్దలు ఇచ్చినదాన్ని ఆచారం పేరు చెప్పి ఆఫీసు తీసేసింది. ఆదివాసీ స్త్రీల సమానత్వానికి మా సంప్రదాయమే అడ్డు అనుకునే వాళ్లు దీన్ని గమనించాలి. కొన్నిచోట్ల నిజంగానే మా సంప్రదాయం అడ్డు. చాలాచోట్ల సంప్రదాయం అని ఎవరో బయటివాళ్లు అనుకున్నది అడ్డు.

అసలు వ్యక్తి పేరు మీద పట్టా అనేది మా తాతల ఆచారమా? పోడు చేసుకునే రోజుల్లో ఈ కొండ ఈ ఇంటిపేరు వాళ్లది, ఆ వాగు దాటితే వాళ్లది అని ఉండేది, అంతే. ఆదిలాబాద్ అడవుల్లో కొమురం భీమ్ జోడేఘాట్ దగ్గర 1940లో ప్రాణాలిచ్చాక, నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకోమని మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన నివేదికల తర్వాత ఆ దశాబ్దంలో వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. అది పోరాడి సాధించుకున్నది, దాని విలువ నేను తక్కువ చేయను. కానీ ఇంటికొక మగ పేరు రాసే పద్ధతి రెవెన్యూ శాఖది, ఆ శాఖ మైదానంలో ఎలా రాసేదో కొండమీదా అలాగే రాసింది. ఆ రాతనే ఇప్పుడు పూర్వీకుల సంప్రదాయం అని మాకు చూపిస్తున్నారు. ఇదే చేతులతో పార్లమెంటు 2006 అటవీ హక్కుల చట్టం చేసినప్పుడు సెక్షన్ 4(4)లో పెళ్లయిన వాళ్ల హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలని రాసింది. ఏ తెగ సంప్రదాయమూ కూలిపోలేదు. అడవి భూమికి జంట పేర్లు పెట్టగలిగినవాళ్లు పక్కనే ఉన్న పట్టా భూమికి ఎందుకు పెట్టలేరు?

కోర్టుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు ఎప్పుడూ కోర్టులు చూసుకుంటాయి అన్నట్టు ఉంటారు. 1996లో ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం మీద మధు కిష్వర్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది, మగవాళ్లకే వారసత్వం అనే సెక్షన్లు చెల్లవని చెప్పమని. ఇద్దరు జడ్జీలు సెక్షన్లు కొట్టేయడానికి ఒప్పుకోలేదు, ఆ భూమి మీద బతికే ఆడవాళ్ల జీవనోపాధి పోకూడదని మాత్రం రక్షణ కల్పించారు. మూడో ఆయన, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి, సీడాను కూడా ఎత్తి చూపి ఆదివాసీ స్త్రీకి సమాన వారసత్వం ఉందని విడిగా రాశారు. మైనారిటీ తీర్పు కాబట్టి అది అక్కడే ఉండిపోయింది. 2022 డిసెంబర్‌లో భూసేకరణ పరిహారంలో వాటా అడిగిన ఒడిశా ఆదివాసీ మహిళ అప్పీలును సుప్రీంకోర్టు, చట్టం ఇలా ఉంటే మేం ఏం చేయలేం అని కొట్టేస్తూనే, ఆదివాసీయేతర కూతురికి ఉన్న హక్కు ఆదివాసీ కూతురికి లేకపోవడానికి కారణం కనబడటం లేదు, సెక్షన్ 2(2) సంగతి చూడమని మీకే చెప్పింది. అంటే ఆమె ఓడిపోయింది, బంతి మీ చేతిలో పడింది. ఆ తర్వాత మీరు ఏం చేశారో ఆమెలాంటి వాళ్లకు తెలియాలి కదా.

2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. కింది కోర్టులన్నీ, ఆడవాళ్లకు వాటా ఇచ్చే ఆచారం ఉందని మీరే నిరూపించండి అని ఆ స్త్రీ వారసుల మీద భారం పెట్టాయి. సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. వాటా లేదనే ఆచారం ఉంటే అది లేదన్నవాళ్లే చూపించాలి, అలా చూపించలేనప్పుడు సమానత్వమే వర్తిస్తుంది, ఆచారం కూడా కాలంతో పాటు కదలాల్సిందే అంది. ఆ తీర్పు మా అర్జీలకు కొండంత బలం. మూడు నెలలు తిరక్కుండానే అక్టోబర్‌లో, హిమాచల్ హైకోర్టు గిరిజన ప్రాంతాల కూతుళ్లకు హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందని ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు తొలగించింది, సెక్షన్ 2(2) ఉండగా అలా చెప్పడం కుదరదని. చట్టం ప్రకారం రెండు తీర్పులూ సరైనవే కావచ్చు, లాయర్లు వాటిని పక్కపక్కన పెట్టి వివరించగలరు. చేనుగట్టు మీద నిలబడ్డ ఆడమనిషికి మాత్రం వాటా ఉందో లేదో సుప్రీంకోర్టు దాకా వెళితేనే తెలిసే పరిస్థితి. బస్సు చార్జీలకే మేక అమ్ముకోవాల్సిన వాళ్లు అంతదూరం వెళ్లగలరా?

ఇక పెద్దలారా, పటేళ్లూ, సార్‌మేడీలూ, మావయ్యలూ, అన్నలూ, మీతో.

మీ భయం నాకు తెలుసు, దాన్ని తీసిపారేసే వాళ్లలో నేను లేను. ఆడపిల్లకు భూమి రాస్తే రేపు బయటివాణ్ణి పెళ్లి చేసుకుంటే ఆ భూమి గిరిజనేతరుడి చేతికి పోతుంది, అదీ మీరు చెప్పేది. ఇది ఊహ కాదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం వచ్చాక మన భూమి కొనలేని వాళ్లు మన ఆడపిల్లను చేసుకుని ఆమె పేరున భూములు పెట్టి అనుభవిస్తున్న సంగతి ఏజెన్సీలో ఎవర్ని అడిగినా చెప్తారు. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్, దాన్ని గట్టి చేసిన 1970 సవరణ (అదే 1/70), ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వొద్దన్న 1997 సమత తీర్పు, ఇవి లేకపోతే ఈపాటికి మనకు కొండ తప్ప ఏమీ మిగిలేది కాదు. వాటిని కాపాడుకోవాల్సిందే. అయితే ఒకటి ఆలోచించండి. మన అబ్బాయి బయటి పిల్లను చేసుకుంటే భూమి పోతుందని ఎవరూ అనరు, అతని వాటా ఆపరు. బయటివాడికి పోకుండా ఆపాల్సింది బదిలీని. కూతురికి వచ్చిన వాటా ఆమె బతికినంతకాలం ఆమెదే, భర్త గిరిజనేతరుడైతే అతనికి అమ్మకం, కౌలు, తాకట్టు, వారసత్వం ఏ రూపంలోనూ పోకూడదు, మన తెగ మనిషిగా పెరిగిన పిల్లలకు పోవాలి, వాళ్లు లేకపోతే పుట్టింటికి తిరిగి రావాలి అని రాసుకుందాం. బినామీ పెట్టి అనుభవించే వాడిపైన కేసు పెడదాం. దొంగ ఇంట్లోకి వస్తాడని ఆడబిడ్డకు వాటా ఎగ్గొట్టడం న్యాయం కాదు.

ఇంకో భయం ఉంది, పేరు గురించి. హిందూ వారసత్వ చట్టం మాకు పెడితే మమ్మల్ని హిందువుల లెక్కలో కలిపేసినట్టే, ఇవాళ వారసత్వం, రేపు పెళ్లి, ఎల్లుండి దేవుడు అని. ఈ భయం నాకూ ఉంది, నిజంగా ఉంది. ఉమ్మడి పౌరస్మృతి మాటలు వినిపించినప్పుడల్లా మన సంఘాలు ఆందోళన పడేది ఇందుకే. ఉత్తరాఖండ్ 2024లో తన పౌరస్మృతి తెచ్చినప్పుడు షెడ్యూల్డ్ తెగలను దాని నుంచి మినహాయించింది. మినహాయింపు మన అస్తిత్వాన్ని కాపాడుతుంది, మంచిదే, దాంతోపాటు మన ఆడవాళ్ల ప్రశ్నను కూడా మళ్లీ అలాగే వదిలేసింది. అందుకే మంత్రిగారూ, సెక్షన్ 2(2) కింద ఒక్క నోటిఫికేషన్ ఇచ్చేసి చేతులు దులుపుకోండి అని నేను అడగడం లేదు. నాకు కావాల్సింది మా పేరుతో ఉండే చట్టం, మేం కూర్చుని రాసుకున్నది.

మన ఆచారంలో అందుకు చోటు లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కొడుకులు లేని ఇంట ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకుని కూతురి దగ్గరే భూమి ఉంచుకోవడం మనకు కొత్తా? మైదానంలో పెళ్లికి ఆడపిల్ల తండ్రి కట్నం మోసుకెళ్తే మన దగ్గర మగపిల్లవాడి తరఫువాళ్లే ఓలి ఇచ్చుకునేవాళ్లు. మొగుడితో పొసగకపోతే విడిపోయి మారుమనువు చేసుకున్న ఆడదాన్ని మనం వెలివేయలేదు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ ఎంత గొప్పగా జరుగుతుందో అందరికీ తెలుసు. కోడలిని వంశంలోకి తీసుకోవడానికి అంత పెద్ద తంతు ఉన్న జాతి, కూతురిని వంశంలోంచి తుడిచేయాలా? మా ఆడవాళ్లకు మైదానం ఆడవాళ్ల కంటే స్వేచ్ఛ ఎక్కువ అని సభల్లో గర్వంగా చెప్తారు కదా, చాలా వరకు నిజమే కూడా, ఆ గర్వం పాసుపుస్తకం దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతోంది.

బయటి దేశాల్లో ఆదివాసీలు ఇదే చిక్కులో పడ్డారు. కెనడాలో సాండ్రా లవ్‌లేస్ అనే మాలిసీట్ మహిళ బయటివాణ్ణి పెళ్లి చేసుకుందని అక్కడి ఇండియన్ చట్టం ఆమె ఆదివాసీ హోదా తీసేసింది, మగవాడు బయటి పిల్లను చేసుకుంటే మాత్రం తీసేది కాదు. పెళ్లి విడిపోయి తిరిగి తన రిజర్వుకు వచ్చి ఉండబోతే హక్కు లేదన్నారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 1981లో ఏం చెప్పిందంటే, తన సమూహంతో కలిసి తన సంస్కృతిలో బతికే ఆమె హక్కును కెనడా కాలరాసింది అని. అంతర్జాతీయ ఒప్పందం అక్కడ ఆదివాసీ సమూహాన్ని విడగొట్టలేదు, ఒక ఆడబిడ్డను తిరిగి సమూహంలోకి తెచ్చింది. కెనడా 1985లో చట్టం మార్చుకుంది.

దక్షిణాఫ్రికాది నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. వలోయి అనే సమూహంలో 1968లో పెద్ద చనిపోతే ఆయన కూతురు ఆడది కాబట్టి పీఠం ఆయన తమ్ముడికి పోయింది. 1990ల్లో ఆ రాజకుటుంబమూ, పెద్దల సభా తమంతట తాము కూర్చుని, కొత్త రాజ్యాంగం స్త్రీపురుషులు సమానమంటోంది, మన ఆచారం కూడా మారుస్తున్నాం, ఆమెకే పీఠం ఇస్తున్నాం అని తీర్మానం చేశారు. తమ్ముడి కొడుకు కోర్టుకెళ్లాడు, ఆచారాన్ని మార్చే హక్కు వీళ్లకెక్కడిది అని. కింది కోర్టులు అతని వైపే చెప్పాయి. 2008లో రాజ్యాంగ న్యాయస్థానం, ఆచారం ఎవరిదో దాన్ని మార్చుకునే హక్కు కూడా వాళ్లదే అని ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. మంత్రిగారూ, మీరు 1993లో రాసుకున్న "చొరవ, సమ్మతి" అంటే నా దృష్టిలో ఇదే. మన దేశంలోనే నాగాలాండ్ చూడండి. 2017లో మున్సిపాలిటీల్లో ఆడవాళ్లకు 33 శాతం సీట్లంటే ఆర్టికల్ 371ఎ కింద మా ఆచారానికి విరుద్ధమని గొడవలు జరిగి ప్రాణాలు కూడా పోయాయి. తెగల సంఘాలతో మాట్లాడి మాట్లాడి, 2024 జూన్‌లో అదే 33 శాతంతో ఎన్నికలు జరిగాయి. మాట్లాడితే కుదిరింది.

ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటనకు 2007లో ఐక్యరాజ్యసమితిలో భారత్ అనుకూలంగా ఓటు వేసింది. దాని 34వ ఆర్టికల్ మా ఆచారాలను, వ్యవస్థలను నిలబెట్టుకునే హక్కు మాకుందంటుంది, అవి అంతర్జాతీయ మానవ హక్కులకు అనుగుణంగా ఉండాలని అదే వాక్యంలో చెప్తుంది. 44వది ఈ హక్కులన్నీ ఆడామగా ఇద్దరికీ సమానం అంటుంది. సీడా కమిటీ 2022లో ఆదివాసీ స్త్రీల మీద ఇచ్చిన 39వ సాధారణ సిఫారసు కూడా వ్యక్తిగా హక్కు, సమూహంగా హక్కు రెండూ కలిపే చూడమంది. ఈ రెండింటి మధ్య వైరం ఉందని మాకు చెప్పడం ఆపండి.

చేయాల్సింది చేయలేనంత పెద్దదేమీ కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం, పెసా అని పిలిచేది, 1996 నుంచి ఉంది, గ్రామసభకు తన సంప్రదాయాలను కాపాడుకునే అధికారం అందులోనే రాసి ఉంది. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కింద ఉన్న ఆదివాసీ ప్రాంతాల్లో ప్రతి గ్రామసభనూ వారసత్వం మీద ప్రత్యేకంగా కూర్చోమని చెప్పండి, ఒక్క పూట సంతకాల మీటింగ్ కాదు, మాట్లాడుకోవడానికి టైం ఇవ్వండి. అటవీ హక్కుల నిబంధనల్లో గ్రామసభకు హాజరైన వాళ్లలో కనీసం మూడోవంతు ఆడవాళ్లు ఉండాలని ఉంది కదా, దీనికి సగం పెట్టండి, అంతకంటే ముందు ఆడవాళ్లు విడిగా ఒకసారి కూర్చునే అవకాశం ఇవ్వండి, ఎందుకంటే అన్న ఎదురుగా, మరిది ఎదురుగా భూమి మాట ఎత్తడం ఎంత కష్టమో మాకు తెలుసు. అక్కడ చెప్పింది రాసుకోండి, గోండి, కోయ, కొలామి, సవర ఏ భాషలో చెప్తే ఆ భాషలో. ఆ మాటల నుంచి ఆదివాసీ వారసత్వ చట్టం ముసాయిదా తయారు చేయండి. భూమి తెగ దాటి పోకూడదన్న 1/70 కంచె అందులో చెక్కుచెదరకుండా ఉండాలి. ఆ కంచె లోపల కూతురికీ కొడుక్కీ తేడా ఉండకూడదు. ఏ గ్రామసభ అయినా వేరేగా కోరుకుంటే? అడుగుతారని తెలుసు. సమానత్వం కంటే తక్కువకు ఏ సభా తీర్మానం చేయడానికి వీల్లేదు, రాజ్యాంగంలోని 14వ అధికరణం మా ఊరికీ వర్తిస్తుంది. ఎలా పంచుకోవాలి, చేను ముక్కలు కాకుండా ఎలా ఉమ్మడిగా చేసుకోవాలి, పుట్టింటి ఊళ్లో లేని కూతురి వాటా ఎవరు దున్నాలి, పంటలో ఆమెకెంత, ఇవన్నీ సభ ఇష్టం, ఇవి ఊరికి తెలిసినంతగా ఢిల్లీకి తెలియవు.

చట్టం వచ్చేదాకా ఆగకుండా రేపే చేయగలిగినవీ ఉన్నాయి. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌లో పెళ్లయిన కూతురి పేరు తప్పనిసరిగా రాయాలని రాష్ట్రాలకు సలహా పంపండి. వాటా లేదనే ఆచారాన్ని నిరూపించాల్సిన బాధ్యత లేదన్నవాళ్లదే అని 2025 జూలై తీర్పు చెప్పింది కాబట్టి, ఆఫీసులో ఎవరూ మీ ఆచారంలో లేదు అని నోటిమాటతో అర్జీ తిప్పి పంపకూడదు, పంపితే ఏ ఆచారం, ఎవరు చెప్పారు, ఏ ఊరి సభ తీర్మానించింది అని రాతపూర్వకంగా ఇవ్వాలని సర్క్యులర్ జారీ చేయించండి. ఐటీడీఏల్లో (గిరిజనాభివృద్ధి సంస్థల్లో) సోమవారం జరిగే గిరిజన దర్బార్‌లో ఈ అర్జీలకు వేరే రిజిస్టర్ పెట్టించండి, ఎన్ని వచ్చాయి, ఎన్ని ఆడవాళ్ల పేరు మీద తేలాయి అన్నది ఆర్నెల్లకోసారి బయటపెట్టండి.

ఈ ఉత్తరానికి నాకు జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మీకు అప్పజెప్పిన సెక్షన్ 2(2) పని ఎంతవరకు వచ్చింది, ఎవరితో సంప్రదించారు, అందులో ఆదివాసీ ఆడవాళ్లు ఎంతమంది, ఈ మూడింటికీ పార్లమెంటులో సమాధానం పెట్టండి. తెలుగులో దొరికిన రోజున నేనే దాన్ని ఊరూరా చదివి వినిపిస్తాను.

ఇట్లు,
అర్జీలు రాసిపెట్టే ఒక కోయ ఆడబిడ్డ